ఇండియా ఆర్‌సెప్‌లో చేరితే పలాస జీడిపప్పుకి వెంటనే దెబ్బ పడుతుందా?

పలాస నుంచి ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది పలాసలో చిన్న జీడి ఫ్యాక్టరీ, నాన్న నడుపుతారు, లెక్కలు నేను చూస్తాను. మొన్న పప్పు కొనే వ్యాపారి ఒకాయన వచ్చి, ఇండియా ఆర్‌సెప్‌లో (ఆసియా-పసిఫిక్ దేశాల మధ్య వాణిజ్య ఒప్పందం) చేరిపోతుంది, సంతకం పెట్టిన మర్నాటి నుంచే వియత్నాం పప్పు సుంకం లేకుండా దిగుతుంది, కాబట్టి ఉన్న సరుకంతా తక్కువ రేటుకైనా ఇప్పుడే ఇచ్చేయండి అన్నాడు. అప్పటి నుంచి నాన్నకి ఒకటే టెన్షన్, రాత్రి నిద్ర కూడా సరిగ్గా లేదు. నిజంగా ఒక్కరోజులో అమలైపోతుందా? ఏటి చెయ్యమంటారు?

విజయనగరం నుంచి జవాబు

తమ్ముడూ, ముందు ఆ రేటుకి సరుకు ఇవ్వొద్దని నాన్నగారికి చెప్పు. నేను ఎగుమతుల కాగితాల పనిలో చాలా ఏళ్లు ఉన్నాను, సంతకం మర్నాడే సుంకం మారిపోయిన ఒప్పందం నేనైతే చూడలేదు.

ఆర్‌సెప్ సంగతే తీసుకో. 2019 నవంబరులో బ్యాంకాక్‌లో మన దేశం ఆ చర్చల నుంచి బయటికి వచ్చేసింది, మిగతా 15 దేశాలు 2020 నవంబరు 15న సంతకాలు పెట్టాయి. కానీ అమలు 2022 జనవరి 1న. ఎందుకంటే ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి) దేశాల్లో కనీసం 6, ఆ కూటమి బయటి దేశాల్లో కనీసం 3 తమ ఇంట్లో ఆమోదం చేయించుకుని ఆ పత్రాలు అప్పగించాలి, ఆ తర్వాత 60 రోజులు ఆగాలి అని ఒప్పందంలోనే రాసుకున్నారు. అప్పుడు కూడా అందరికీ ఒకేసారి మొదలవలేదు. మొదట 10 దేశాలకి, తర్వాత కొరియాకి 2022 ఫిబ్రవరిలో, మలేషియాకి మార్చిలో, ఇండోనేషియాకి 2023 జనవరిలో, ఫిలిప్పీన్స్‌కి అదే ఏడాది జూన్‌లో. ఎవరి ఆమోదం ఎప్పుడైతే వాళ్లకి అప్పుడు.

ఇక అమలైన రోజున సుంకాలన్నీ సున్నా కావు. కొన్ని సరుకులకి వెంటనే, కొన్నిటికి ఏడాదికి కొంచెం చొప్పున, 20 ఏళ్ల వరకూ సాగేవి కూడా ఉన్నాయి, కొన్నిటిని అసలు ముట్టుకోరు.

పలాస నుంచి

మాస్టారూ, చాలా థాంక్స్. కానీ ఇండియాకి ప్రత్యేక దారి ఉందని, ఎప్పుడు కావాలంటే అప్పుడు చేరొచ్చని కూడా ఆయన అన్నాడు. అది అబద్ధమా?

విజయనగరం నుంచి జవాబు

సగం నిజం. కొత్త దేశం ఏదైనా ఒప్పందం అమలైన 18 నెలల దాకా ఆగాలి, మొదటి నుంచీ చర్చల్లో కూర్చున్న ఇండియాకి మాత్రం ఆ ఆగడం లేదు. అంతే తేడా. అడగ్గానే తలుపు తీసేస్తారని కాదు. నిబంధనల పుస్తకం ముందే రాసి ఉంటుంది, కొత్తగా వచ్చేవాడు దాన్ని ఒప్పుకోవాలి, పైగా తన సుంకాలు ఎంత తగ్గిస్తాడో లోపలున్న వాళ్లతో బేరమాడి తేల్చుకోవాలి.

బ్రిటన్‌ని చూడు, సీపీటీపీపీ అనే ఇంకో ఒప్పందంలో చేరడానికి 2021 ఫిబ్రవరి 1న దరఖాస్తు పెట్టింది, 2023 జూలై 16న సంతకం చేసింది, అమలు 2024 డిసెంబరు 15న. దాదాపు నాలుగేళ్లు! ఆ రోజుకి కూడా కెనడా, మెక్సికో ఆమోదం తెలపలేదు కాబట్టి ఆ రెండు దేశాలతో మొదలవలేదు. చైనా, తైవాన్ ఇద్దరూ అదే ఒప్పందానికి 2021 సెప్టెంబరులో వారం తేడాలో దరఖాస్తు చేశారు. లోపలున్న దేశాలన్నీ ఏకాభిప్రాయానికి వస్తేనే కొత్తవాళ్లకి చోటు.

మన దగ్గర ఒప్పందానికి పార్లమెంటు ఓటు తప్పనిసరి కాదు, కేంద్ర కేబినెట్ ఆమోదిస్తే చాలు. కానీ సుంకం మారాలంటే ఆర్థిక శాఖ కస్టమ్స్ నోటిఫికేషన్ ఇవ్వాలి. మీరు చూడాల్సింది ఆ కాగితం, టీవీలో సంతకాల ఫొటో కాదు.

రాజాం నుంచి

ఒక మాట కలుపుతాను. మాది జనపనార వైపు. సాఫ్టా అనే దక్షిణాసియా దేశాల వాణిజ్య ఒప్పందం 2006 నుంచి ఉన్నా, బంగ్లాదేశ్, నేపాల్ గోనె సరుకు మీద 2017 జనవరిలో యాంటీ డంపింగ్ సుంకం వేశారు. అంటే ఒప్పందం ఉన్నా, ధర బాగా తగ్గించి మన మీద పోసేస్తుంటే ఆపే దారి మిగిలే ఉంటుంది. దానికి మిల్లులు కలిసి లెక్కలతో అర్జీ పెట్టుకోవాలి, ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

విజయనగరం నుంచి జవాబు

మంచి మాట చెప్పారు. తమ్ముడూ, అసలు మెలిక ఇంకోటుంది. వియత్నాం కూడా మీలాగే ఆఫ్రికా పిక్కలు (పెంకుతో ఉన్న జీడిగింజలు) తెచ్చుకుని కొట్టి పప్పు తీస్తుంది కదా, మరి ఆ పప్పు వియత్నాందా, ఆఫ్రికాదా? దీన్ని ఏ ఒప్పందమైతే దానిలోని 'మూల దేశం' నిబంధన తేలుస్తుంది. కస్టమ్స్ పద్దులో పిక్క 080131, పప్పు 080132. మొదటి నాలుగు అంకెలూ ఒకటే. నాలుగంకెల పద్దు మారాలని నిబంధన ఉంటే పిక్క కొట్టినంత మాత్రాన వియత్నాం సరుకు అవదు, ఆరంకెలు మారితే చాలంటే అవుతుంది. 2010 నుంచి ఉన్న ఆసియాన్-ఇండియా ఒప్పందంలో మామూలు నిబంధన ఆరంకెల మార్పుతో పాటు 35 శాతం విలువ కూడా అక్కడే చేరాలి అని. వియత్నాం అందులో ఉంది. కాబట్టి ఆర్‌సెప్ గురించి భయపడే ముందు, ఆ ఒప్పందంలో 080132 ఏ జాబితాలో ఉంది, ఇప్పుడు దాని మీద సుంకం ఎంత అని విశాఖలో ఎవరైనా కస్టమ్స్ బ్రోకర్‌ని అడుగు, పది నిమిషాల పని.

పలాస నుంచి

రేపు పొద్దున్నే ఫోన్ చేస్తాను మాస్టారూ. ఇదంతా నాన్నకి చదివి వినిపించాను. ఆ వ్యాపారికి ఈ వారం సరుకు ఇవ్వడం లేదని ఆయనే ఫోన్ చేసి చెప్పేశారు.