అప్‌డేట్: ఐదో నెలలో మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సెఫాలెక్సిన్ వాడకం

ఐదో నెల గర్భంలో, మంటా జ్వరమూ లేకుండానే మూత్ర పరీక్షలో ఇన్‌ఫెక్షన్ బయటపడితే, డాక్టరు రాసిన సెఫాలెక్సిన్ అనే యాంటీబయాటిక్ వేసుకోవచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. ఓపికగా జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. అప్పటికి మాత్రను అరచేతిలో పెట్టుకుని, బిడ్డకేమవుతుందోనన్న భయంతో మింగలేక మూడుసార్లు పక్కన పెట్టేశాను.

‘సొంతంగా మానేయకుండా డాక్టరునే అడగండి’ అన్న సలహాయే పనిచేసింది. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ (సెఫాలెక్సిన్ ఈ రకమే) రకాల మందులను గర్భిణులకు దశాబ్దాలుగా ఇస్తున్నారనీ, బిడ్డ పళ్ళ రంగు మార్చేవి టెట్రాసైక్లిన్లనే వేరే రకం యాంటీబయాటిక్‌లనీ, వైద్యం చేయని ఇన్‌ఫెక్షన్ మూత్రపిండాలకు పాకితే నెలలు నిండకుండానే కాన్పు కావచ్చు కనుక అసలు భయపడవలసింది దానికేననీ డాక్టరుగారు వివరించారు. పెన్సిలిన్ పడదా అని కూడా ముందే అడిగి రాసుకున్నారు.

7 రోజుల కోర్సు పూర్తయ్యాక, మూత్రంలో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే కల్చర్ పరీక్షలో బ్యాక్టీరియా కనిపించలేదు. మాత్రకు బదులు చాలనుకుని నేను అంతగా పట్టుకు వేలాడిన క్రాన్‌బెర్రీ రసం ఈ ఇన్‌ఫెక్షన్‌కు చికిత్స కానేకాదు.