పాత బెర్తుకి మరమ్మతు చాలా, కూల్చి కట్టాలా?

రేవుగాలి: విశాఖ లోపలి రేవు 1933లో మొదలైంది. చిత్తడి నేలని తవ్వి చేసిన రేవు. అప్పట్నుంచి విడతలు విడతలుగా బెర్తులు (ఓడలు ఆగి సరుకు ఎక్కించి దించే గట్లు) కలుస్తూ వచ్చాయి. ఇలా వయసు మీదపడిన బెర్తుల్ని, విశాఖలోనే కాదు, ఎక్కడైనా సరే, బాగుచేసి బలపరచడం మేలా, తీసేసి కొత్తవి కట్టడం మేలా? నా ఓటు మరమ్మతుకే. ఏళ్ల తరబడి బెర్తు మూసేస్తే ఓడలు పక్క రేవుకి అలవాటు పడతాయి.

గాజువాక కుర్రాడు: కూల్చాల్సిందే. మరమ్మతంటే కాంట్రాక్టరుకి పెన్షన్. నేను పనిచేసిన ఒక రేవులో డెక్కు (బెర్తు పైతలం) కింద బీముకి అతుకు వేశారు. రెండు వానాకాలాలకి అతుకు బాగానే ఉంది, దాని పక్కన పాత కాంక్రీటే పెచ్చులు పెచ్చులుగా ఊడింది.

పాత సివిల్: నువ్వు చూసింది నిజమే తమ్ముడూ. ఉప్పు దిగిన కాంక్రీటులో తుప్పు పడుతున్న ముక్క, తను తరిగిపోతూ పక్క ఇనుముని కాపాడుతుంటుంది. ఆ ఒక్క ముక్కనే చెక్కి కొత్త కాంక్రీటు పెట్టావా, ఇక పక్కదాని వంతు. అందుకే కంటికి కనిపించినంత మేరే చెక్కడం దండగ. ముందు హాఫ్ సెల్ రీడింగులు, అంటే లోపలి ఇనుము వోల్టేజీ కొలతలు, తీయాలి. మైనస్ 350 మిల్లీవోల్టులకంటే ఇంకా కిందికి దిగితే అక్కడ తుప్పు నడుస్తోందనడానికి 90 శాతం పైనే అవకాశం. ఉప్పు ఎంత లోతుకి దిగిందో డ్రిల్లు పొడి తీసి చూడాలి.

ఒకసారి ఆటు సమయంలో పడవ మీద బెర్తు కిందికి వెళ్లాను. గుల్లలు పట్టిన పైలు (నేలలోకి దింపిన స్తంభం), దానిపైన ఎర్రగా కారిన చారలు. సుత్తితో తడితే గట్టి చోట ఖణేల్‌మంది, ఇంకోచోట ఖాళీ డబ్బాలా మోగింది. అక్కడ చేత్తో లాగితేనే పెచ్చు ఊడొచ్చింది. లోపలి చువ్వ పెన్సిలంత మిగిలింది. పైన డెక్కు మీద మాత్రం లారీలు మామూలుగానే తిరుగుతున్నాయి!

రేవుగాలి: ఇనుము బదులు తామే తరిగిపోయే అల్యూమినియం ఆనోడ్లు తగిలిస్తే సరిపోదా సార్?

పాత సివిల్: నీళ్లలో మునిగి ఉన్న ఇనుముకే అవి పనిచేస్తాయి. అసలు జబ్బు ఆటుపోట్ల మధ్య, కెరటం చిమ్మే చోట. అక్కడ చెడిందంతా చెక్కేసి జాకెటింగ్ (చుట్టూ కొత్త తొడుగు) చేయాలి, లేదంటే బయటినుంచి కరెంటు ఇచ్చి తుప్పుని ఆపాలి. రెండోదానికి మీటర్లు చూసే మనిషి ఎప్పుడూ ఉండాలి. ఆ మనిషి బదిలీ అయ్యాక సిస్టం ఆఫ్‌లోనే ఉండిపోయిన చోట్లు ఉన్నాయి.

సుక్కాని: మీరంతా కాంక్రీటు దగ్గరే ఆగిపోయారు. అసలు గొడవ లోతుది. లోపలి రేవులోనే కొన్ని బెర్తులకి ఇప్పుడు 14.5 మీటర్ల డ్రాఫ్టు (నీళ్లలో మునిగే లోతు) ఓడలు వస్తున్నాయి. తక్కువ లోతుకి కట్టిన పాత గోడ ముందు డ్రెడ్జింగ్ చేసి అడుగు తవ్వితే దాని పాదానికి ఆనుడు పోతుంది. వెనక మెరక మట్టి తోస్తూనే ఉంటుంది. ఎన్ని జాకెట్లు తొడిగినా దానికి మందు కాదు. ముందు కొత్త పైల్స్ వరుస దింపాలి, లేదా వెనక్కి టై రాడ్లు (ఇనుప కడ్డీలు) లాగి కట్టాలి. ముందుకి జరిగితే ఓడ తిరిగే చోటు తగ్గుతుంది, ఓడల్ని రేవులోకి తెచ్చే పైలట్లు ఊరుకోరు.

ఓడ తాకిడి ఇంకో సంగతి. అదే ఓడ రెట్టింపు వేగంతో వచ్చి ఆనితే ఫెండరు (ఓడ దెబ్బ కాచే మెత్త) మీద పడే శక్తి నాలుగింతలు. పెద్ద ఓడ కావాలంటూనే పాత ఫెండర్లు, ఓడ తాళ్లు కట్టే పాత బొల్లార్డులు ఉంచుకుంటామంటే ఎలా?

లారీ ఓనరు: బెర్తు మూసినన్నాళ్లు మా బండ్ల కిస్తీలు ఎవరు కడతారండీ? ఆ లెక్క ఎవరూ చెప్పరు.

పాత సివిల్: న్యాయమైన ప్రశ్న. సగం సగం మూసి చేయొచ్చు గానీ ఖర్చు పెరుగుతుంది. సుక్కాని గారి మాటకి నేనూ ఒప్పుకుంటా. లోతు పెంచేదుంటే కొత్తదే నయం. చిన్న ఓడలకే అయితే మరమ్మతు చాలు, కాకపోతే డెక్కు మీద బరువుకి హద్దు పెట్టాలి. మామూలు సరుకు బెర్తుకి డిజైన్ లోడు చదరపు మీటరుకి 2.5 నుంచి 3.5 టన్నులు. మొబైల్ క్రేను ఒక్క కాలు కింద పడే బరువు అంతకి ఎన్నో రెట్లు.

గాజువాక కుర్రాడు: హద్దు బోర్డు మీద రాస్తారు సార్. రాత్రి షిఫ్టులో సరుకు కుప్ప ఎత్తు ఎవరు కొలుస్తారు? నా ఓటు ఇప్పటికీ కూల్చడానికే.