తక్కువ ఆక్సిజన్‌లో పెట్టినా తేడా రావట్లేదు, ఎక్కడ తప్పుతోంది?

వేళచ్చేరి విద్యార్థిని: పొద్దున తొమ్మిదింటి నుంచి ఇదే గొడవ, ఇంకా అన్నం తినలేదు. తిలాపియా చేపల పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాలు ఎంత శాతం ఉన్నాయో చూస్తున్నా. తక్కువ ఆక్సిజన్ తొట్టిలో 39 శాతం, మామూలు తొట్టిలో 37. అసలు ఊపిరాడకపోతే రక్తం పలచబడాలి కదా? రెండూ పెరిగి కూర్చున్నాయేంటి? రేపు గైడ్‌కి చూపించాలి.

పొడిమాట: ఎంత ఆక్సిజన్? ఎన్ని గంటలు? ఎన్ని డిగ్రీలు?

కొళత్తూరు బాబాయ్: నీళ్లలోకి గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ వేసెయ్యమ్మా, అన్నీ సర్దుకుంటాయి. రక్తం చాక్లెట్ రంగులో ఉంటే మాత్రం అది నీళ్లలో చేరిన నైట్రైట్ విషం, చిటికెడు ఉప్పు వెయ్యి.

వేళచ్చేరి విద్యార్థిని: బాబాయ్, నత్రజని పంపి మరీ ఆక్సిజన్ తగ్గిస్తున్నా, మళ్లీ ఎయిర్ స్టోనా! లీటరుకి 2 మిల్లీగ్రాములు, 4 గంటలు, 28 డిగ్రీలు.

చెరువు గోల: తొట్టెల్లో ఏం తెలుస్తుంది? 2016 మార్చిలో బెంగళూరు అలసూరు చెరువు నిండా చచ్చిన చేపలు తేలాయి. మురుగు కలిసిన నీళ్లలో రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ తాగేస్తుంది, అందుకే తెల్లవారుజామున గండం. దాని మీద చెయ్యండి రీసెర్చి.

తెలుగు మాస్టారు: ప్రాణవాయువు అనే మాట ఉండగా ఆక్సిజన్ ఎందుకు? పీసీవీ ఏమిటి, హెమటోక్రిట్ ఏమిటి?

పొడిమాట: రెండూ ఒకటే.

తెలుగు మాస్టారు: ఒకటే అయితే రెండు పేర్లెందుకు నాయనా?

రక్తం అక్క: పలచబడదు తల్లీ, చిక్కబడుతుంది. ఆక్సిజన్ తగ్గగానే ప్లీహం బిగుసుకుని దాచుకున్న ఎర్రకణాలని నిమిషాల్లో రక్తంలోకి తోసేస్తుంది. పైగా అడ్రినలిన్ వల్ల కణంలోకి సోడియం, వెనకే నీళ్లు చేరి ఉబ్బుతుంది. అంటే పీసీవీ పెరిగినంత మాత్రాన కణాలు పెరిగాయని కాదు. హిమోగ్లోబిన్ కూడా కొలిచి పీసీవీతో భాగించు, ఆ విలువ తగ్గితే ఉబ్బినట్టే. రోజుల తరబడి ఉంచితే వేరే కథ: కణాల్లో ఏటీపీ, జీటీపీ అనే శక్తి అణువులు తగ్గి హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకుంటుంది. ఇంకో చిత్రం, మనకి ఆయాసమొస్తే గుండె దడదడలాడుతుంది, చాలా చేపలకి నెమ్మదిస్తుంది. సరే గానీ, చేపల్ని ఎలా పట్టావు?

వేళచ్చేరి విద్యార్థిని: వలతోనే. ఒకటి జారిపోతే పది నిమిషాలు తొట్టి చుట్టూ తిప్పించింది, నా చున్నీ అంతా తడిసింది. దానికీ దీనికీ ఏంటక్కా సంబంధం?

పొడిమాట: అదే సంబంధం.

రక్తం అక్క: తరిమితే మామూలు తొట్టి చేపకీ ఆ అడ్రినలినే! ముందురోజే ఒక్కో చేపని ఒక్కో చీకటి డబ్బాలో వదులు. తీసేముందు లవంగ నూనెని కాస్త ఆల్కహాల్‌లో కలిపి మెల్లగా పొయ్యి. మత్తెక్కాకే ముట్టుకో, రెండు తొట్లకీ అదే పద్ధతి.

చెరువు గోల: నా ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు.

వేళచ్చేరి విద్యార్థిని: అక్కా థాంక్స్. లవంగ నూనె పక్క మందుల షాపులోనే దొరికింది, పంటి నొప్పా అని అడిగాడు.

తెలుగు మాస్టారు: మా చిన్నప్పుడు ఆమ్లజని అనేవాళ్లు.