ఇషనా, ఈమెనా?

బండిర: రెండ్రోజులుగా ఒక వాక్యం బుర్రలో తిరుగుతోంది. హంగేరియన్‌ శవసంస్కార ప్రసంగం, హలొత్తి బెసేద్‌, మొదట్లో వచ్చేది. "మనం దుమ్మూ బూడిదా" అని. దానికి ముందున్న చిన్నమాట 'ఇస'నా, 'ఈమె'నా? నాకు 'ఈమె' అనే గుర్తు.

గోదారిగట్టు: ఈమె ఎవరండీ? :)

అరసున్న: 'ఈమె' అంటే హంగేరియన్‌లో 'ఇదిగో' అని. అది హంగేరియన్‌ రచయిత మారాయి షాండోర్‌ది. దేశం వదిలిపోయాక 1951లో అదే పేరుతో రాసిన పద్యంలో పాతమాట తీసేసి అది పెట్టాడు. 1192-95 నాటి ప్రాయ్‌ కోడెక్స్‌ అనే రాతప్రతిలో ఉన్నది 'ఇష'. ష అనే పలకాలి.

పాతపుస్తకం: అంత ధీమా ఏమిటండీ? రాతప్రతిలో ఉన్నది ఉత్త రోమన్‌ ఎస్‌. అప్పటి లేఖకుడికి స్థిరమైన స్పెల్లింగ్‌ ఎక్కడిది?

అరసున్న: స్థిరం కాకపోవచ్చు, అదే వాక్యం చూడండి చాలు. 'కన్ను' అనే మాట (ఇవాళ సెమ్‌) జెడ్‌తో మొదలవుతుంది. 'మరియు' (ఇవాళ ఏష్‌) ఎస్‌తో ముగుస్తుంది. అంటే స కి జెడ్‌, ష కి ఎస్‌. ఇక 'ఇస' ఎక్కణ్ణుంచి వస్తుంది?

పాతపుస్తకం: సరే, ష ఒప్పుకున్నా. అసలు విశేషం బూడిద దగ్గరుంది. అక్కడ 'ఖొమువ్‌' లాంటిది రాశాడు, ఇవాళ 'హము'. చివరి వకారం పోయిందనుకుంటాం గానీ బహువచనంలో 'హమ్వక్‌' అని బతికే ఉంది. మన పూ, పూవు, పువ్వు లాగే.

గోదారిగట్టు: చూశారా, మన పోలికే! కాల్డ్వెల్‌ 1856లోనే ద్రావిడ భాషలకు ఫిన్నిష్‌, హంగేరియన్ల వైపు చుట్టరికం కలిపాడు. 'ఇష' మన 'ఇస్సీ' ఎందుకు కాకూడదు?

అరసున్న: వినడానికి ఒకేలా ఉంటే చుట్టాలైపోరండీ. ఫిన్నిష్‌ 'కల' చేప, హంగేరియన్‌ 'హల్‌' చేప. ఫిన్నిష్‌లో చావడం 'కువోల్లా', హంగేరియన్‌లో అదీ 'హల్‌', హలొత్తి వచ్చింది దాన్నుంచే. ఆ క, హ ల జత మాట తర్వాత మాటలో కనిపిస్తుంది. 'ఇస్సీ'కి అలాంటి జతలు ఇంకో నాలుగు తెండి, మాట్లాడుకుందాం.

పాతపుస్తకం: ఆ చేపతోనే కదా గొడవంతా. 1769లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడం చూడ్డానికి నార్వే ఉత్తరకొసకు వెళ్లిన హంగేరియన్‌ పండితుడు షయ్‌నోవిచ్‌, అక్కడి లాప్‌ల భాష విని, మరుసటేడు కోపెన్‌హాగెన్‌లో పుస్తకం వేశాడు, అదీ హంగేరియనూ ఒకటేనని. హంగేరీ దొరలకు ఒళ్లు మండింది. హూణుల వారసులమనుకునేవాళ్లకు చేపకంపు చుట్టరికమా అని! తర్వాత ఆర్మిన్‌ వాంబేరీ హంగేరియన్‌కు టర్కీ భాషలతో చుట్టరికమనే తురుష్క వాదం ఎత్తుకున్నప్పుడు భాషావేత్త బుదెంజ్‌ దాన్ని తిప్పికొట్టాడు. నేనైతే బుదెంజ్‌ పక్షం.

డల్లాస్‌నుంచి: అవన్నీ సరే, మారాయిని ఎవరూ పట్టించుకోరేం? పరాయి దేశంలో మాటలు ఒక్కొక్కటే చచ్చిపోవడం మీద అంత పద్యం ఇంకొకటి నేను చదవలేదు. సీతాకోకచిలుక, ముత్యం, గుండె, ఇవేవీ ఇక మునుపటివి కావంటాడు. మా ఇంట్లో పిల్లలతో మాట్లాడుతుంటే అదే గుర్తొస్తుంది. ఆయన 'ఇష' తీసేయడం నాకు సబబే. ఎవరికీ అర్థంకాని మాట పెట్టుకుని ఏడవలేం కదా.

అరసున్న: పాతమాట అర్థంకాకపోవడమే ఆ పద్యానికి బలమయ్యేది. అవకాశం వదులుకున్నాడు.

డల్లాస్‌నుంచి: పద్యం మళ్లీ ఒకసారి చదవండి సార్‌.

బండిర: అయ్యా, నేను అనువాదం చేస్తున్నాను. 'ఇష'కి 'ఇదిగో' అనీ చెప్తున్నారు, 'నిశ్చయంగా' అనీ చెప్తున్నారు. శవం ఎదురుగా ఉంది కాబట్టి 'ఇదిగో' బాగుంటుందనిపిస్తోంది. ఏది పెట్టను?

పాతపుస్తకం: హంగేరియన్‌ కవి కొస్తొలాని 1933లో అదే పేరుతో రాసిన హలొత్తి బెసేద్‌ పద్యం చదివారా? ముందు అది చదవండి. మారాయి దాని ముందు ఎందుకూ పనికిరాడు.

డల్లాస్‌నుంచి: ఇదిగో, మళ్లీ మొదలు.