శాటిలైట్ ఫొటో చూసి “పూర్తిగా ధ్వంసం” అని రాయొచ్చా?

నైట్‌డెస్క్, కూకట్‌పల్లి:

నేను ఒక తెలుగు వార్తా చానల్‌లో గ్రాఫిక్స్ చేస్తాను. ఏ చానల్ అన్నది వదిలేయండి. 2025 జూన్ 22, ఆదివారం. ఇరాన్‌లోని ఫోర్డో, నతాంజ్, ఇస్ఫహాన్ అణు కేంద్రాల మీద అమెరికా బాంబులు వేసిందని పొద్దున్నే తెలిసింది. నేను రాత్రి డ్యూటీకి వెళ్లేసరికి మాక్సార్ అనే ఉపగ్రహ కంపెనీ ఫొటోలు డెస్క్‌కు వచ్చేశాయి. ఫోర్డో కేంద్రం ఉన్న కొండ మీద ఆరు రంధ్రాలు, చుట్టూ బూడిద రంగు పొర. పావుగంటలో స్క్రీన్ మీద ఉండాలన్నారు.

రంధ్రాల చుట్టూ ఎర్ర గుండ్రాలు గీశాను. సొరంగాల మొహం దగ్గర మట్టి పోసినట్టు కనిపిస్తే అక్కడా గీశాను. బూడిద పొర మీద లేత పసుపు రంగు వేసి, పక్కన “రేడియేషన్?” అని ప్రశ్నార్థకంతో పెట్టాను. కింద “ఫోర్డో పూర్తిగా ధ్వంసం” అని నడిచిన పట్టీ నేను రాయలేదు. కానీ అది నా బొమ్మ కిందే నడిచింది.

తర్వాత రెండు మూడు రోజుల్లోనే ఇంకో మాట బయటికి వచ్చింది. అమెరికా రక్షణ శాఖ నిఘా విభాగం తొలి అంచనా ప్రకారం ఇరాన్ అణు కార్యక్రమం కొన్ని నెలలే వెనక్కి వెళ్లిందట. వాళ్ల అధ్యక్షుడేమో మొత్తం తుడిచిపెట్టేశామన్నారు. అవే రంధ్రాలు, అదే కొండ. అప్పటి నుంచి ఏ దాడి ఫొటో వచ్చినా మౌస్ పట్టుకోవాలంటే టెన్షన్‌గా ఉంటోంది. నాకు ఫొటోషాప్ తెలుసు, ఉపగ్రహాల గురించి చదువుకోలేదు. ఇలాంటి ఫొటోలో ఏది కనిపిస్తుంది, ఏది కనిపించదు? ఇరవై నిమిషాలు మాత్రమే టైమ్ ఉన్నవాడు ముందుగా ఏం చూసుకోవాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

చింతల్ పెద్దాయన:

బాబూ, మీరు ఇది అడిగినందుకు చాలా సంతోషం. నేను రిటైరై ఆరేళ్లయింది. అంతకుముందు ముప్ఫై ఏళ్లు పైనుంచి తీసిన ఫొటోలు చదవడమే నా పని. మన ఐఆర్‌ఎస్-1ఏ ఉపగ్రహం 1988 మార్చిలో ఎగిరిన కొత్తలో చేరాను. అప్పట్లో మాకు దొరికే మంచి ఫొటోలో ఒక చుక్క అంటే నేల మీద 36 మీటర్లు. ఇవాళ మీ డెస్క్‌కు వచ్చేవాటిలో ఒక చుక్క 30 సెంటీమీటర్లు. చుక్క అంత చిన్నదైనా, అప్పట్లో మేం చేసిన తప్పులే ఇప్పుడూ జరుగుతున్నాయి.

నా తప్పు ఒకటి చెప్తాను. ఒకసారి గోదావరి వరదప్పుడు రాడార్ ఫొటో ఇచ్చి నీళ్లు ఎక్కడెక్కడున్నాయో గీయమన్నారు. రాడార్‌లో అలల్లేని నీరు నల్లగా వస్తుంది. నల్లగా ఉన్నదంతా వరద అని గీసి ఇచ్చేశాను. అందులో చాలా భాగం నాట్ల కోసం దమ్ము చేసి నీళ్లు పెట్టిన మడులు. అవసరం లేని ఊరికి పడవలు వెళ్లాయి, కావలసిన ఊరికి ఆలస్యమైంది. పది రోజుల ముందటి ఫొటో పక్కన పెట్టుకుని ఉంటే ఆ మడులు నాకు అప్పుడే తెలిసేవి. ఆ ఊరి పేరు ఇప్పటికీ మర్చిపోలేదు.

అందుకని మీ ఇరవై నిమిషాల్లో పది నిమిషాలు ముందటి ఫొటో కోసమే పెట్టండి. ఫోర్డో సంగతే చూడండి. జూన్ 19న తీసిన ఫొటోలో సొరంగం వైపు వెళ్లే రోడ్డు మీద 16 లారీలు ఉన్నాయి. మర్నాటి ఫొటోల్లో బుల్‌డోజర్లూ కనిపించాయి. అంటే బాంబులు పడకముందే అక్కడ ఏదో పని జరుగుతోంది. పేలుడు గాలి లోపలికి దూసుకుపోకుండా సొరంగం మొహాన్ని సొంతవాళ్లే మట్టితో మూసుకోవడం ఉంటుంది. కాబట్టి సొరంగాల దగ్గర మీరు గుండ్రం గీసిన మట్టి బాంబు తెచ్చిందా, లారీ తెచ్చిందా? 22వ తేదీ ఫొటో ఒక్కటే చేతిలో ఉంటే చెప్పలేం.

ఇక రంధ్రాలు. అమెరికా ఫోర్డో మీద వేసినవి 12 బాంబులు, ఒక్కోటి 30,000 పౌండ్లు, అంటే పదమూడున్నర టన్నుల పైమాటే. కనిపించినవి ఆరు రంధ్రాలు. గాలి గొట్టాలు ఉన్న రెండు చోట్లనే గురిపెట్టి, ఒకే దారిలో ఒకదాని వెనక ఒకటి దింపామని వాళ్ల సైన్యాధికారే చెప్పాడు. అంటే రంధ్రాలు లెక్కపెడితే బాంబుల లెక్క కూడా రాదు, నష్టం లెక్క ఎక్కడొస్తుంది? కేంద్రం ఉన్నది కొండ కింద 80, 90 మీటర్ల లోతున. మన దగ్గర చార్మినార్ నుంచి గోల్కొండకు సొరంగం ఉందని తాతల నాటి నుంచి చెప్పుకుంటాం కదా. పైనుంచి వంద ఫొటోలు తీసినా అది ఉందో లేదో తేలదు. ఇదీ అంతే.

అలాగని ఏమీ చెప్పలేమని కాదు. బయట కనిపించే దాన్ని బట్టి లోపల ఏమై ఉంటుందో ఊహించే పద్ధతి ఉంది, నాకు ఈ పనిలో బాగా ఇష్టమైనది అదే. జూన్ 13న ఇజ్రాయెల్ నతాంజ్ మీద దాడి చేసినప్పుడు నేల మీదున్న చిన్న యురేనియం శుద్ధి ప్లాంటు పోయింది. దాంతోపాటు కరెంటు సబ్‌స్టేషన్, అత్యవసర జనరేటర్లు పోయాయి. భూగర్భ హాలుకు దెబ్బ తగిలిన గుర్తు అప్పటికి ఏదీ లేదు. అయినా అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అధిపతి గ్రోసీ, కరెంటు పోవడం వల్ల లోపలి సెంట్రిఫ్యూజ్‌లు దెబ్బతిని ఉండొచ్చన్నారు. అవి యురేనియం శుద్ధి కోసం విపరీతమైన వేగంతో తిరిగే సన్నటి గొట్టాలు. కరెంటు ఒక్కసారిగా పోయినా, నేల గట్టిగా అదిరినా తట్టుకోలేవు. ఫోర్డో విషయంలో ఆయన బాంబుల ధాటినీ, ఈ అదురునూ కారణంగా చూపించి నష్టం చాలా ఎక్కువే ఉంటుందన్నారు. అదే మాటలో, భూగర్భంలో ఎంత పోయిందో చెప్పే స్థితిలో ఎవరూ లేరని కూడా అన్నారు. మీ పట్టీలో ఆ రెండో సగం ఉండాల్సింది.

క్షిపణుల దగ్గర లెక్క వేరు. 2024 అక్టోబర్ 26న ఇజ్రాయెల్ ఇరాన్‌లోని పార్చిన్, ఖోజీర్ మీద దాడి చేసింది. ఫొటోలో పోయినవి కొన్ని మామూలు షెడ్లలా ఉన్నాయి. చూసినవాళ్లకు ఇంతేనా అనిపిస్తుంది. అవి ఘన ఇంధనం కలిపే మిక్సర్లు ఉండే భవనాలని నిపుణులు గుర్తుపట్టారు. బేకరీలో పిండి కలిపే మెషిన్ లాంటిదే, చాలా పెద్దది, బజార్లో దొరకదు. ప్రమాదవశాత్తూ పేలితే పక్కది పోకుండా ఇలాంటి భవనాలను దూరం దూరంగా, మధ్యలో మట్టి గట్లు పోసి కడతారు. ఆ గట్లే మనకు ఆనవాలు. షెడ్డు చిన్నదే, దెబ్బ పెద్దది. ఇంకో చోట పెద్ద గోదాము కాలిపోయి ఫొటో భయంకరంగా ఉంటుంది, అది ఖాళీ గోదాము అయ్యుండొచ్చు. లారీల మీద తిరిగే లాంచర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. 1991 గల్ఫ్ యుద్ధంలో ఇరాక్ స్కడ్ క్షిపణి లాంచర్లను ఎన్నో కొట్టామని చెప్పుకున్నారు, తర్వాత వెతికితే వాటికి రుజువు దొరకలేదు.

రన్‌వే మాత్రం సులువు. మన ఆపరేషన్ సిందూర్‌లో పాకిస్తాన్‌లోని రహీం యార్ ఖాన్ రన్‌వే మీద పడ్డ గుంట అందరికీ కనిపించింది. అక్కడ దెబ్బా నష్టమూ ఒకటే.

మనుషులకు ఏమైందో మాత్రం ఏ ఫొటోలోనూ రాదు. 2020 జనవరి 8న ఇరాన్ క్షిపణులు ఇరాక్‌లో అమెరికా సైనికులున్న అయిన్ అల్ అసద్ స్థావరం మీద పడ్డాయి. ఫొటోల్లో కొన్ని కట్టడాలు కూలి కనిపించాయి. ఎవరికీ ఏమీ కాలేదని మొదట చెప్పారు. తర్వాత వందమందికి పైగా సైనికులకు పేలుడు అదురుకు మెదడు దెబ్బతిన్నదని తేలింది.

మీ పసుపు రంగు గురించి కూడా చెప్పాలి, ఏమీ అనుకోకండి. మామూలు ఫొటోలో రేడియేషన్ కనిపించదు. ఆ బూడిద పొర పేలుడుకు ఎగిసిన రాతి పొడి, దుమ్ము. బయట రేడియేషన్ పెరిగినట్టు సమాచారం లేదని అణుశక్తి సంస్థ ఆ రోజే చెప్పింది. ప్రశ్నార్థకం పెట్టినా చూసేవాళ్లు దాన్ని చదవరు, రంగునే చూస్తారు.

జియో_స్టూడెంట్, తార్నాక:

పెద్దాయన గారికి నమస్కారం. నేను ఎమ్మెస్సీ చేస్తున్నాను. ఒక చిన్న చేర్పు.

అన్నా, ముందటి ఫొటో కోసం డబ్బులు పెట్టాల్సిన పని లేదు. యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాల ఫొటోలు ఉచితం, అవి దాదాపు ఐదు రోజులకోసారి అదే చోటు మీదికి వస్తాయి. కానీ వాటిలో చుక్క 10 మీటర్లు. చార్మినార్ ఒక్కో వైపు 20 మీటర్లు కదా, అంటే మొత్తం చార్మినార్ నాలుగు చుక్కలు. కాలిన నేల, కొత్త రోడ్డు, పెద్ద షెడ్డు లేకపోవడం తెలుస్తాయి. లారీని గుర్తుపట్టలేం. అదే 30 సెంటీమీటర్ల ఫొటోలో చార్మినార్ ఒక వైపే అరవైకి పైగా చుక్కలు. మేఘాలు ఉంటే సెంటినెల్-1 రాడార్ చూడొచ్చు, కానీ పెద్దాయన చెప్పిన నలుపు గుర్తుపెట్టుకో.

ఇంకోటి, నీడ. భవనం కప్పు బాగానే ఉన్నట్టుంటుంది, నీడ మాత్రం మొన్నటికన్నా పొట్టిగా పడుతుంది. అంటే కిందికి కుంగింది. అయితే రెండు ఫొటోలూ దాదాపు ఒకే టైమ్‌లో తీసినవై ఉండాలి. పొద్దుటి ఫొటో పక్కన సాయంత్రం ఫొటో పెడితే లేని మార్పులు కనిపిస్తాయి.

చింతల్ పెద్దాయన:

బాగా చెప్పావు నాయనా. నీడ అన్నావు కాబట్టి ఇంకో ముక్క. మన కన్నుకు వెలుతురు పైనుంచి పడటం అలవాటు. ఉత్తరం పైన పెట్టిన ఫొటోలో ఇరాన్‌కైనా మనకైనా ఎండ ఎక్కువ కాలం కింది వైపు నుంచి వస్తుంది. దాంతో గుంట గుట్టలా, గుట్ట గుంటలా కనిపిస్తుంది. అనుమానం వస్తే ఫొటోను తలకిందులు చేసి చూడండి, నీడ మీ వైపు పడాలి. మట్టికుప్పను బాంబు గుంట అని గీసినవాళ్లను నేను చూశాను.

శుభ్రం చేయడం కూడా ఒక సాక్ష్యమే. 2007 సెప్టెంబర్ 6న ఇజ్రాయెల్ సిరియాలో అల్ కిబర్ దగ్గర ఒక భవనాన్ని కొట్టింది. అక్టోబర్ చివర తీసిన వాణిజ్య ఫొటోల్లో ఆ చోటు చదును చేసి ఉంది. మామూలు గోదాము కూలితే ఇంత తొందర ఎందుకని అప్పుడే అందరూ అడిగారు. అది రహస్యంగా కట్టిన అణు రియాక్టర్ అయ్యుండే అవకాశమే ఎక్కువని 2011లో అణుశక్తి సంస్థ తేల్చింది. అందుకే దాడి జరిగిన రోజుతో ఆపకండి. నెల తర్వాతి ఫొటో మళ్లీ తెప్పించండి. ఎక్కడ తవ్వుతున్నారో, ఎక్కడ అలాగే వదిలేశారో చూస్తే చాలా తెలుస్తుంది.

టీచరమ్మ, దారుల్‌షిఫా:

ఈ చర్చలోకి రావాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నాకు ఫొటోలు చదవడం రాదు. మా ఇంటి ఓనర్ గారి అబ్బాయి ఇరాన్‌లోని ఖోమ్‌లో చదువుకుంటున్నాడు. ఫోర్డో ఆ ఊరికి దగ్గరే. జూన్ 22 రాత్రి నేను కింద వాళ్లింట్లోనే ఉన్నాను. ఏ చానలో నాకు గుర్తులేదు, స్క్రీన్ మీద కొండ, ఎర్ర గుండ్రాలు, పసుపు రంగు, రేడియేషన్ అన్న మాట. ఆవిడకు తెలుగు చదవడం అంతగా రాదు. ఆ పసుపు ఏంటని నన్ను అడిగారు. నేను ఉన్నది ఉన్నట్టు చదివి చెప్పాను. ఆవిడ ఆ రాత్రంతా ఫోన్ పట్టుకుని కూర్చున్నారు, లైన్ కలవలేదు. చెప్పింది నేనే కదా అని నాకూ నిద్ర పట్టలేదు.

నైట్‌డెస్క్, కూకట్‌పల్లి:

మేడమ్, అది మా చానలే అయ్యుండొచ్చు. కాకపోయినా, ఆ రంగు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. క్షమించండి. ఆ అమ్మగారికి కూడా నా మాటగా చెప్పండి.

పెద్దాయన గారూ, తమ్ముడూ, మీరు చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసి డెస్క్ దగ్గర అతికించాను. నిన్న రాత్రి ఆ పాత ఫోర్డో బొమ్మ మళ్లీ కావాలన్నారు. గుండ్రాలు రంధ్రాల చుట్టూ మాత్రమే ఉంచాను, మిగతావి తీసేశాను. పక్కన 19వ తేదీ ఫొటో పెట్టాను. రెండింటి మీదా తేదీలు పెద్ద అక్షరాల్లో వేశాను. కింద “లోపల ఎంత నష్టం జరిగిందో ఈ ఫొటోలో తెలియదు” అని రాశాను. ఇన్‌చార్జ్ కాసేపు వాదించారు. లారీలు చూపించి, ఈ మట్టి ఎవరు పోశారో మీరు చెప్పండి సార్ అన్నాను. అలాగే వెళ్లనిచ్చారు.

మేడమ్, ఆ అబ్బాయి ఎలా ఉన్నాడు?

టీచరమ్మ, దారుల్‌షిఫా:

బాగున్నాడు బాబూ. మన ప్రభుత్వం నడిపిన విమానంలో ఢిల్లీ దాకా వచ్చి, అక్కడి నుంచి ఇంటికి చేరాడు. మీరు రాసింది వాళ్లమ్మకు చదివి వినిపించాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ 19వ తేదీ ఫొటో ఒకసారి చూపించమన్నారు. అబ్బాయి ఫోన్‌లో వెతికి తీశాడు, లారీలు ఒక్కొక్కటే లెక్కపెట్టారు.