పాత చీరతో బొంత కుట్టడానికి ఏ సూది, ఏ దారం వాడాలి?

నమస్కారం. మా అమ్మమ్మ కట్టుకున్న నూలు చీరతో, మా అక్కకు పుట్టబోయే బిడ్డ కోసం చేత్తో బొంత కుడుతున్నాను. 5.5 మీటర్ల చీరను ఐదు మడతలు వేసి, పైన కొత్త నూలు గుడ్డ పరచి, చుట్టూ పిన్నీసులు పెట్టి మొదలుపెట్టాను గాని, జానెడు దూరం కుట్టేసరికి మామూలు సూది వంగిపోయింది, మిషను దారం మూడుచోట్ల తెగింది, లోపలి పొర ముడతపడి చేతికి గడ్డలా తగులుతోంది. ఆ గడ్డ పసిబిడ్డ వీపుకు ఒత్తుకుంటుందేమోనన్నదే నా బెంగ.

దబ్బనం వాడదామంటే, ఏళ్ల తరబడి ఉతికి మెత్తబడిన బట్టకు పెద్ద రంధ్రాలు పడి చిరుగుతుందేమోనని భయంగా ఉంది. ఇన్ని పొరల్లో సులువుగా దిగే సూది ఏది? దారాన్ని రెండు పేటలు చేసి మైనం రాస్తే సరిపోతుందా, లేక మందపు నూలు దారమే కొనాలా? పొరలు జరగకుండా ముందుగా మధ్య నుంచి అంచులకు పొడుగు కుట్లు వేయాలని విన్నాను. వాటి మధ్య ఎంత దూరం ఉండాలి? కొత్త గుడ్డను ఉతకకుండానే కుట్టాను, అది తరువాత కుంచించుకుపోతుంది కనుక ఇప్పుడే విప్పేయడం మంచిదా? బొంతలు కుట్టిన అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు.