ఇంటర్నేషనల్ లాలో ఎల్‌ఎల్‌ఎం చేయాలనుంది, నాన్న వద్దంటున్నాడు

మాది తిరుపతి, ఎల్‌ఎల్‌బీ ఆఖరి సెమిస్టర్. కుల్‌భూషణ్ జాదవ్ కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం 2019లో ఇచ్చిన తీర్పు రెండు రాత్రులు కూర్చుని చదివాను. అరెస్టయిన మనిషిని కలిసే హక్కు సొంత దేశానికి ఉందన్న వియన్నా కాన్సులర్ ఒప్పందంలోని ఒక్క 36వ ఆర్టికల్ మీద అంత వాదన నడిచింది! అప్పటి నుంచి ఇదే చదవాలని పట్టుకుంది. నాన్నేమో "మన కోర్టులో ఆ లా ఎవరిక్కావాలి, జడ్జి పరీక్షకు చదువుకో" అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు 1
ఎల్‌ఎల్‌ఎం ప్రవేశ పరీక్షలు పీజీఎల్‌సెట్, క్లాట్ పీజీ రెండూ రాయి చెల్లీ. ఇంటర్నేషనల్ లా మీదే మనసుంటే ఢిల్లీలో సౌత్ ఏషియన్ యూనివర్సిటీ కూడా చూడు, అక్కడ రెండేళ్ల కోర్సు. నేను చేసింది ఏడాది ఎల్‌ఎల్‌ఎం. క్లాసులు, పరీక్షలు పోగా డిసర్టేషన్‌కు, అంటే పరిశోధన వ్యాసానికి, సరిగ్గా టైమే దొరకలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. వీలైతే రెండేళ్లదే తీసుకో.

జవాబు 2
మన కోర్టులో ఎవరిక్కావాలి అంటే ఒప్పుకోను. జూనియర్‌గా ఉన్నప్పుడు మా సీనియర్‌తో ఎర్రచందనం కేసుకు వెళ్లాను. పట్టుకున్న దుంగలు వరసగా పేర్చి, ఒక్కోదాని కొస మీద నంబరు వేసి పెట్టారు, నరికిన చోట ఇంకా రక్తంలా ఎర్రగా ఉంది. కాగితాల్లో 1967 అటవీ చట్టం సెక్షన్లు తప్ప ఇంకేం లేవు. కానీ శేషాచలంలో నరికిన దుంగ పోయేది విదేశాలకే కదా, ఆ చెట్టు సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జంతువులు, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది, ఎగుమతి కావాలంటే పర్మిట్ ఉండాలి. ఆ ఒప్పందం కోసమే 2022లో మన వన్యప్రాణి చట్టాన్ని సవరించి కొత్త అధ్యాయం చేర్చారు. కొండ మన కిటికీలోంచి కనబడుతుంది, దాని మీద డిసర్టేషన్ రాయడానికి నీకన్నా దగ్గరగా ఉన్నవాళ్లెవరు? ఫారెస్టు వాళ్లతో, కూలికెళ్లి ఇరుక్కున్న వాళ్ల ఇళ్లల్లో మాట్లాడు, ఊరికే ఒప్పందం పాఠం అప్పజెప్పొద్దు.

జవాబు 3
నాన్నగారి భయమూ నిజమేనమ్మా, ఎల్‌ఎల్‌ఎం చేసినంత మాత్రాన ఉద్యోగం పిలిచి ఇవ్వరు. యూజీసీ నెట్ పరీక్ష కూడా రాసి పెట్టుకో, లెక్చరర్ దారి ఉంటుంది. ఆయనకు 1997 విశాఖ తీర్పు చెప్పి చూడు. పనిచేసే చోట ఆడవాళ్లకు రక్షణగా ఇక్కడ చట్టం లేనప్పుడు సుప్రీంకోర్టు ఆడవాళ్లపై వివక్ష పోవాలన్న అంతర్జాతీయ ఒప్పందాన్నే (సీడా) ఆసరా చేసుకుంది.

అడిగినామె
ఎర్రచందనం నాకు తట్టనేలేదు అన్నా. విశాఖ తీర్పు రాత్రి భోజనాల దగ్గర చెప్పాను, నాన్న కాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఢిల్లీలో హాస్టల్ ఫీజు ఎంత" అని అడిగాడు. క్లాట్ పీజీకి ఏ పుస్తకంతో మొదలుపెట్టాలో చెప్పండి.